తండ్రి ఇంట మన స్థానం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయం మీద గత సంచికలో వచ్చిన ధ్యానం చదివి పలువురు పాఠకులు ఉత్తరాలు వ్రాశారు. వాటిలో దేవుడు విశ్వాసులను దత్తత తీసుకున్నాడన్న సత్యానికి సంబంధించిన ప్రశ్నలను ఈ నెల శీర్షికకు తీసుకున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. వ్రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ఇవ్వడం లేదు.

ప్రశ్న: అయ్యగారికి వందనములు. నేను మా పెద్దమ్మగారింట పెంపుడు కూతురిగా పెరిగాను. వాళ్లు నన్ను ప్రేమగానే చూసుకున్నారు. అయినా చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఎంతైనా పెంచుకున్న పిల్లే కదా" అన్న మాట వినబడేది. ఆస్తి పంపకాలప్పుడు ఆ మాట ఇంకా గట్టిగా వినబడింది. మనం దేవునికి దత్తపుత్రులమని ప్రసంగంలో చెబితే అందరూ ఆమేన్ అంటారు, నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. యేసుప్రభువు సొంత కుమారుడు, మనం పెంపుడు పిల్లలం. అంటే దేవుని ఇంట్లో కూడా మనది రెండో వరుసేనా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: సోదరీ, ముందు సూటిగా చెబుతాను. దేవుని ఇంట రెండో వరుస లేదు. ఈ జవాబు నమ్మదగినదని చూపడానికి మాత్రం పౌలు కాలానికి వెళ్లవలసి ఉంటుంది, ఎందుకంటే మీ చుట్టాలు ఏ భావంతో ఆ మాట అన్నారో, అపొస్తలుడు ఏ భావంతో వ్రాశాడో, ఆ రెండింటి మధ్య చాలా ఎడం ఉంది.

మోషే ధర్మశాస్త్రంలో దత్తతకు ప్రత్యేకమైన విధి ఏదీ లేదు. మొర్దెకై తల్లిదండ్రులు లేని ఎస్తేరును తన కుమార్తెగా స్వీకరించడం, యాకోబు తన మనుమలైన ఎఫ్రాయిము, మనష్షేలను సొంత కుమారులుగా లెక్కించుకోవడం వంటి సంఘటనలు పాత నిబంధనలో ఉన్నా, వాటికి ఒక చట్టపు రూపం కనబడదు. పౌలు దత్తతను గూర్చి వ్రాసిన సంఘాలు, అంటే రోమా, గలతీయ, ఎఫెసు సంఘాలు, రోమా సామ్రాజ్యంలోనివి. అక్కడ దత్తత సాక్షుల మధ్య, న్యాయాధికారి ఎదుట జరిగే వ్యవహారం. క్రీస్తు శకం 2వ శతాబ్దపు న్యాయశాస్త్రవేత్త గాయస్ దానిని వివరంగా వర్ణించాడు. తండ్రి బ్రతికి ఉన్న కుమారుణ్ణి మరొకరు దత్తత తీసుకోవాలంటే మొదట ఆ కన్నతండ్రి అధికారం పూర్తిగా తెగిపోవాలి. ఇందుకోసం యుక్తవయసు వచ్చిన రోమా పౌరులు కనీసం ఐదుగురు సాక్షులుగా నిలబడేవారు, మరొకరు కంచు త్రాసు పట్టుకునేవారు, కొనేవాడు ఒక కంచు ముక్కను ఆ త్రాసుకు తాకించి కుమారుణ్ణి లాంఛనంగా కొనేవాడు. కొన్నవాడు విడిచిపెట్టగానే కుమారుడు తిరిగి కన్నతండ్రి అధికారం కిందికి వచ్చేవాడు. రెండోసారీ అంతే. మూడోసారి అమ్మకం జరిగాక మాత్రం ఆ పాత అధికారం శాశ్వతంగా ముగిసిపోయేది. అప్పుడు న్యాయాధికారి ఎదుట కొత్త తండ్రి "ఇతడు నా కుమారుడు" అని ప్రకటించేవాడు. ఎదుటి పక్షం అడ్డు చెప్పకపోతే న్యాయాధికారి ఆ మాటనే తీర్పుగా స్థిరపరిచేవాడు. అక్కడి నుండి ఆ కుమారుడు కొత్త తండ్రి కుటుంబ నామాన్ని ధరించి, కడుపున పుట్టిన కుమారునితో సమానంగా వారసుడయ్యేవాడు. ఆ చట్టం దృష్టిలో "ఎంతైనా పెంచుకున్నవాడే కదా" అనే మాటకు చోటు లేదు.

రోమా విశ్వాసులకు ఈ విషయం పుస్తకాల ద్వారా తెలియవలసిన అవసరం కూడా లేకపోయింది. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో యూదులను రోమా విడిచి వెళ్లమని ఆజ్ఞాపించిన క్లౌదియ చక్రవర్తి మనకు తెలుసు. ఆయనకు బ్రిటానికస్ అనే సొంత కొడుకు ఉండగానే, క్రీ.శ. 50లో తన భార్య అగ్రిప్పినా మొదటి వివాహపు కొడుకును దత్తత తీసుకున్నాడు. ఆ దత్తపుత్రుడే నీరో. 54లో క్లౌదియ మరణించినప్పుడు సింహాసనం ఎక్కింది కన్నకొడుకు కాదు, ఈ దత్తపుత్రుడే. మరుసటి సంవత్సరం, ఇంకా పద్నాలుగేళ్లు నిండని బ్రిటానికస్ రాజభవనంలో విందు బల్ల దగ్గరే కుప్పకూలి మరణించాడు. నీరో విషం పెట్టించాడని ప్రాచీన రోమా చరిత్రకారులు వ్రాశారు. పౌలు రోమీయులకు పత్రిక వ్రాసింది దాదాపు 57లో, అంటే ఆ మరణం జరిగిన రెండేళ్లకు. పౌలు ఈ సంగతిని ఎక్కడా ప్రస్తావించలేదు గనుక ఆయన దీన్ని మనసులో పెట్టుకుని వ్రాశాడని నేను అనను. అయితే ఆ నగరంలో కూర్చుని ఆ పత్రికను విన్నవారికి దత్తపుత్రుడు అనగానే ఏ ఇల్లు గుర్తుకు వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ ఇంట్లో దత్తపుత్రునికి చోటు దొరికింది, కన్నకొడుకు ప్రాణం పోయింది.

సువార్తలోనూ కుమారుడు మరణించాడు, సోదరీ. అయితే ఆయనను ఎవరూ దారిలో నుండి తొలగించలేదు. తండ్రి ఆయనను అప్పగించాడు, ఆయన తనంతట తానే ప్రాణం పెట్టాడు. పెట్టింది, దత్తత రాబోయే మన కోసం. గలతీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయంలో కాలము పరిపూర్ణమైనప్పుడు దేవుడు తన కుమారుని పంపెనని చెప్పి, మనము దత్తపుత్రులము కావలెనన్నదే ఆ పంపడంలోని ఉద్దేశమని పౌలు వెంటనే చెబుతాడు. సొంత కుమారుడు మనకు పోటీదారుడు కాడు. మనలను లోపలికి తీసుకువచ్చినవాడే ఆయన. తిరిగి లేచిన ఉదయాన మగ్దలేనే మరియతో, తన తండ్రియు మీ తండ్రియు అయినవాని యొద్దకు ఎక్కిపోవుచున్నానని సోదరులతో చెప్పమన్నాడు. ఆయన స్వభావసిద్ధంగా, అనాదిగా కుమారుడు. మనం కృప వల్ల, ఆయనను బట్టి పిల్లలం. ఈ తేడాను సంఘం ఎప్పుడూ కాపాడుకుంటూ వచ్చింది, మనమూ కాపాడుకోవాలి. అయితే ఇది ప్రేమ కొలతలో తేడా అని మీరు భయపడుతున్నారు. ఆ భయానికి యోహాను సువార్త 17వ అధ్యాయం 23వ వచనం ఒక్కటే చాలు. అక్కడ ప్రభువు తన శిష్యుల కోసం ప్రార్థిస్తూ, నీవు నన్ను ప్రేమించినట్టే వారిని కూడా ప్రేమించావని తండ్రితో అంటున్నాడు. ఈ మాట ఏ ప్రసంగీకుడో ఉద్రేకంలో అని ఉంటే అతిశయోక్తి అనుకునేవాణ్ణి. అన్నది కుమారుడే.

మరొక తేడా కూడా గమనించండి. రోమాలో ధనవంతులు సాధారణంగా దత్తత తీసుకున్నది ఎదిగిన మగవారిని. వంశం నిలబడాలి, ఇంటి పేరు సాగాలి, అందుకు తగినవాణ్ణి ఏరుకునేవారు. అందులో లాభం ముఖ్యంగా తీసుకునేవారిదే. దేవునికి వారసుని కొరత లేదు. మనలో తగినతనమూ లేదు. మనం శత్రువులమై యుండగా ఆయన మనలను సమాధానపరచుకున్నాడని అదే రోమా పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయం ఈ నిర్ణయాన్ని జగత్తు పునాది వేయబడక మునుపటికి తీసుకువెళ్లి, దానికి కారణం ఆయన దయాసంకల్పమేనని చెబుతుంది.

మన దేశపు అనుభవం నుండి కూడా ఒక మాట చెప్పాలి. 1956లో వచ్చిన హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు, మనకు వేరే దత్తత చట్టమూ లేదు. అందువల్ల చాలా కాలం పాటు బిడ్డను తెచ్చుకున్న క్రైస్తవ దంపతులు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే నిలబడగలిగేవారు. బిడ్డ మేజరైతే ఆ సంరక్షకత్వం ముగిసిపోతుంది, దాని వల్ల వారసత్వం రాదు. 2000లో వచ్చిన బాల న్యాయ చట్టం, దానికి 2006లో జరిగిన సవరణ ఈ పరిస్థితిని మార్చాయి. ఏ మతస్థులైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రేమ ఎంత ఉన్నా చట్టం "సంరక్షకుడు" అన్న చోటనే ఆగిపోయిన ఇళ్లు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి. బహుశా మీదీ అలాంటిదే కావచ్చు. పౌలు గలతీయులకు వ్రాసింది చూడండి. సంరక్షకుల కింద ఉన్న కాలం గడిచిపోయింది, ఇకమీదట నీవు కుమారుడవే, కుమారుడవైతే దేవుని ద్వారా వారసుడవు. తండ్రి మిమ్మల్ని సంరక్షణకు తీసుకుని ఊరుకోలేదు, కుమార్తెగానే వ్రాయించుకున్నాడు.

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు. బాప్తిస్మం తీసుకుని ఏడేళ్లయింది. ఒక పాపపు అలవాటు నన్ను వదలడం లేదు. పడిపోయిన ప్రతిసారీ దేవుడు నన్ను వెళ్లగొట్టేశాడనిపిస్తుంది. మూడు రోజులు ఉపవాసం ఉండి, కన్నీటితో ప్రార్థించి, మళ్లీ చేర్చుకున్నాడని నమ్మకం కలిగించుకుంటాను. కొన్ని వారాలకు మళ్లీ అదే కథ. నేను నిజంగా దేవుని బిడ్డనేనా?
– ఒక యువకుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, నీ పాపాన్ని నేను తేలిక చేయను. నీవూ చేయడం లేదు, అది మంచిది. నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది నీ ఉపవాసం. ఉపవాస ప్రార్థన మంచిదే గాని, తెగిపోయిన దత్తతను మళ్లీ వ్రాయించుకోవడానికి దాన్ని రుసుముగా చెల్లిస్తున్నావు. ఏడేళ్లుగా నీవు ప్రతి కొన్ని వారాలకూ కొత్తగా దత్తత కోసం దరఖాస్తు పెడుతున్నావు. ఏ బిడ్డా అలా బ్రతకలేడు.

లూకా సువార్త 15వ అధ్యాయంలో చిన్న కుమారుడు పందుల దగ్గర కూర్చుని తండ్రికి చెప్పవలసిన మాటలు సిద్ధం చేసుకున్నాడు. పాపం చేశాను, నీ కుమారుడనని అనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకో అన్నవి ఆ మాటలు. ఇంటికి వచ్చాక మొదటి రెండు మాటలూ చెప్పగలిగాడు. కూలివాని మాట అతని నోట రానే లేదు. తండ్రి ఈలోగా దాసులను పిలిచి ప్రశస్త వస్త్రము తెమ్మన్నాడు, ఉంగరము పెట్టమన్నాడు, చెప్పులు తొడిగించమన్నాడు. ఒప్పుకోలును తండ్రి ఆపలేదు, విన్నాడు. కూలి బేరం మాత్రం వినలేదు. నీ ఉపవాసాలలో ఉన్న ఒప్పుకోలు ఉండనియ్యి, ఆ బేరాన్ని తీసివెయ్యి.

మన రక్షణను గూర్చి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా న్యాయస్థానం దగ్గర ఆగిపోతాం. దేవుడు క్రీస్తును బట్టి మనలను నీతిమంతులుగా తీర్చాడన్నది పునాది, అది లేకపోతే ఏదీ లేదు. అయితే నిర్దోషి అని తీర్పు చెప్పిన న్యాయాధిపతి ఆ మనిషిని తన ఇంటికి తీసుకువెళ్లి బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవలసిన బాధ్యత లేదు. దేవుడు ఆ రెండోదీ చేశాడు. 1646లో లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ సభ పూర్తి చేసిన విశ్వాస ప్రమాణం దత్తతకు 12వ అధ్యాయాన్ని ప్రత్యేకించింది. ఆ చిన్న అధ్యాయంలో ఉన్న సంగతి నీకు ఇప్పుడు కావాలి. దేవుడు తన పిల్లల మీద జాలిపడతాడు, వారిని కాపాడతాడు, వారి అక్కరలు తీరుస్తాడు, తండ్రిగా శిక్షిస్తాడు, అయినా ఎన్నడూ త్రోసివేయడు అని అది చెబుతుంది. శిక్షించడమూ త్రోసివేయకపోవడమూ ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉన్నాయి. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్లి, శిక్ష లేకపోవడమే కుమారులు కాని వారికి గుర్తు అంటుంది. పాపం చేశాక నీ మనసు పడే ఈ బాధ నీవు బయటివాడవని ఋజువు చేస్తోందని నీవనుకుంటున్నావు. నేను దాన్ని ఇంటి లోపల వినిపించే తండ్రి స్వరంగా చదువుతున్నాను.

ఇంకొక మాట. ఆ అలవాటును ఏడేళ్లుగా ఒంటరిగా మోస్తున్నట్టు నీ ఉత్తరం చదివితే అర్థమైంది. నీ సంఘంలో నమ్మదగిన ఒక పెద్ద సహోదరునితో ఈ నెలలోనే దాన్ని చెప్పు. ఆ అలవాటు ఫోను ద్వారా అయితే ఫోను ఆయన చేతిలో పెట్టడానికి కూడా సిద్ధపడు. పడకుండా పోరాడే బలం, వెళ్లగొట్టబడతానన్న భయం నుండి రాదు. రోమా 8వ అధ్యాయంలో శరీరక్రియలను చంపుట అన్న మాట వెంటనే దత్తపుత్రాత్మను గూర్చిన మాట వస్తుంది. ఆ వరుసలో అవి ఊరికే పక్కపక్కన లేవు. పిల్లలైనవారే ఆ పోరాటం చేయగలరు.

ప్రశ్న: మా ఆవిడకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. ఒక కూటంలో ప్రసంగీకుడు "మనం రాజాధిరాజు పిల్లలం, రాజు బిడ్డ రోగంతో, అప్పులతో బ్రతకడం తండ్రికి అవమానం" అన్నారు. ఇంటికి వచ్చాక ఆవిడ రాత్రంతా ఏడ్చింది. మా విశ్వాసంలో లోపం ఉందా?
– ఒక సోదరుడు, కర్నూలు జిల్లా

జవాబు: అన్నా, ముందుగా మీ ఇంటావిడకు ఈ మాట చదివి వినిపించండి. అమ్మా, ఆ మాటతో మీ మీద మోపిన భారం దేవుడు మోపినది కాదు. దాన్ని మీరు మోయనక్కరలేదు.

మనం రాజు బిడ్డలమన్నది నిజమే. అయితే ఆ రాజు సొంత కుమారుడు ఈ లోకంలో ఎలా బ్రతికాడో ఆ ప్రసంగంలో చెప్పకుండా వదిలేశారు. తల వాల్చుకోవడానికి స్థలం లేని కుమారుని చూసి తండ్రి అవమానపడలేదు. ఈయన నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను అని ఆకాశం నుండి చెప్పాడు. ఆ స్వరం వినబడిన వెంటనే ఆత్మ ఆయనను నలభై దినాల ఆకలిలోకి, అరణ్యంలోకి తీసుకువెళ్లాడు. ఆ అరణ్యంలో శోధకుడు అన్న మొదటి మాట ఏమిటో గుర్తు చేసుకోండి. నీవు దేవుని కుమారుడవైతే ఈ రాళ్లు రొట్టెలగునట్లు ఆజ్ఞాపించుమన్నాడు. కుమారుడైతే ఆకలి ఉండకూడదన్న తర్కం అక్కడ ఎవరి నోటి నుండి వచ్చిందో చూశాక, అదే తర్కాన్ని వేదిక మీద నుండి పలకడానికి ఎవరైనా భయపడాలి. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేకపోతున్నాను, ఎందుకంటే ఇలాంటి ప్రసంగం విని ఏడ్చిన ఇళ్ల నుండి ఉత్తరాలు ఈ శీర్షికకు వస్తూనే ఉన్నాయి.

రోమా 8వ అధ్యాయం 15వ వచనంలో దత్తపుత్రాత్మ మనలో పలికించే మొఱ్ఱ "అబ్బా తండ్రీ" అన్నది. సువార్తలలో ఈ పిలుపు ప్రభువు నోట మాటకు మాటగా నిలిచి ఉన్నది ఒక్కచోటే, మార్కు సువార్త 14వ అధ్యాయంలో, గెత్సేమనేలో. ప్రాణం దుఃఖంలో మునిగి, నేల మీద పడి, ఈ గిన్నె నా యొద్ద నుండి తొలగించుమని అడిగిన రాత్రి అది. ఆ గిన్నె తొలగలేదు. కుమారుడన్న సంబంధమూ తొలగలేదు. డయాలసిస్ కుర్చీలో నాలుగు గంటలు కూర్చుని మీ ఇంటావిడ "తండ్రీ" అని మూలిగితే, ఆ మూలుగు ఆ తోటలోని ప్రార్థనకు ఎంతో దగ్గరగా ఉంటుంది. అక్కడ పరిశుద్ధాత్మ ఆమెకు తోడుగా సాక్ష్యమిస్తాడు.

పౌలు 17వ వచనంలో మనం క్రీస్తుతోడి వారసులమని చెబుతూ, ఆయనతో కూడా శ్రమపడడాన్ని అదే వాక్యంలో చేర్చాడు. 23వ వచనంలో ఇంకా ఆశ్చర్యమైన మాట ఉంది. ఆత్మ యొక్క ప్రథమఫలములు పొందిన మనం కూడా దత్తపుత్రత్వం కోసం, అంటే మన దేహముయొక్క విమోచనం కోసం, కనిపెడుతూ లోపల మూలుగుతున్నామని ఆయన అంటున్నాడు. ఇప్పటికే పిల్లలమైనవారం మళ్లీ దేని కోసం కనిపెడుతున్నాం? వ్రాయింపు జరిగిపోయింది, వారసత్వం మన చేతికి పూర్తిగా రావలసి ఉంది. అందులో ఈ దేహం కూడా ఉంది, పాడైన కిడ్నీలున్న ఈ దేహమే. అందువల్ల స్వస్థత కోసం ధైర్యంగా ప్రార్థించండి, సంఘ పెద్దలను పిలిచి ప్రార్థన చేయించుకోండి, వైద్యుడు చెప్పిన మందులూ ఆహార నియమమూ ఒక్క పూట కూడా మానకండి. విశ్వాసం చూపించడానికి డయాలసిస్ ఆపమని ఎవరైనా చెబితే వినవద్దు. స్వస్థత ఈ లోకంలో వచ్చినా, పునరుత్థానంలో వచ్చినా ఆమె ఇప్పుడు దేవుని కుమార్తె అన్నదానిలో ఏ మార్పూ ఉండదు.

ప్రశ్న: పౌలు ఎక్కడ చూసినా కుమారులు, దత్తపుత్రులు అంటాడు. కుమార్తెల సంగతి ఏమిటి?
– ఒక విద్యార్థిని, హైదరాబాదు

జవాబు: ఆయన కాలంలో వారసత్వం ప్రధానంగా కుమారులదన్న భావం పాతుకుని ఉంది. ఆ హక్కును స్త్రీలతో సహా విశ్వాసులందరికీ ఇస్తున్నాడు గనుక అందరినీ ఆ స్థానంలోనే నిలబెట్టాడు. గలతీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయం చివర, యేసుక్రీస్తునందు మీరందరు విశ్వాసమువలన దేవుని కుమారులైయున్నారని చెప్పి, రెండు వచనాలు దాటకముందే పురుషుడని స్త్రీ అని లేదని అన్నాడు. తక్కువ వాటా ఉన్న స్థానం ఎవరికీ మిగల్చలేదు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 6వ అధ్యాయంలో కుమార్తెలు అన్న మాట ఆయన స్వయంగా వాడాడు కూడా. మన తెలుగు నేల మీద హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు 1985 సెప్టెంబరు 5 నుండి అమలయ్యేలా, 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ద్వారా వచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 వరకు పట్టింది. ఒకటో శతాబ్దపు స్త్రీ ఒకతె, బహుశా ఒక దాసి, సంఘం మధ్యలో కూర్చుని నీవు దేవుని వారసురాలవన్న మాట వినడం ఎంత పెద్ద సంగతో దీనిని బట్టి ఆలోచించవచ్చు.

ప్రశ్న: మా నాన్న త్రాగి వచ్చి అమ్మను, మమ్మల్ని కొట్టేవాడు. పరలోకమందున్న మా తండ్రీ అనడం నాకు ఇప్పటికీ కష్టం. ప్రభువా అని మాత్రమే ప్రార్థిస్తాను. ఇది తప్పా?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: తప్పు కాదమ్మా. ప్రభువా అని మీరు పిలిచినప్పుడు కూడా వింటున్నవాడు ఆ తండ్రే. మిమ్మల్ని తొందరపెట్టే హక్కు నాకు లేదు, మీ సంఘంలో మరెవరికీ లేదు. ఒక్క విషయం మాత్రం ఆలోచించమంటాను. మీ నాన్నగారి రూపాన్ని పెద్దది చేసి, మంచివానిగా దిద్ది, ఆ రూపానికి దేవుడని పేరు పెట్టమని లేఖనం అడగడం లేదు. తండ్రి ఎలాంటివాడో తెలుసుకోవడానికి అది మనకు కుమారుణ్ణి చూపిస్తుంది. నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడని ప్రభువు ఫిలిప్పుతో అన్నాడు. మీరు సువార్తలలో ఒక్కొక్క భాగం చదువుతూ, యేసు ఆ కుష్ఠరోగిని ముట్టుకున్నప్పుడు, పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని అందరి ఎదుట కుమారీ అని పిలిచినప్పుడు, తండ్రి ఇలాంటివాడని మీకు మీరు చెప్పుకోండి. నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయునని 27వ కీర్తన పాడినవానికి ఇంటి గాయం తెలియకపోలేదు. ఆ పిలుపు మీ నోట వచ్చే రోజు వస్తుంది. అంతవరకు మీరు ఇంటి బయట నిలబడి లేరు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లుగా సంఘ పెద్దగా ఉన్నాను. మా అబ్బాయి మా సంఘంలోనే ఉన్న ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు. భక్తిగల పిల్ల, ఉద్యోగం కూడా ఉంది. వాళ్లది వేరే కులం, మా వాళ్లు తమకంటే తక్కువ అనుకునే కులం. బంధువులు ఒప్పుకోవడం లేదు. ఆత్మీయంగా అందరం ఒక్కటే గాని, సామాజిక విషయాలు వేరు కదా అని వారి వాదన. మీ అభిప్రాయం ఏమిటి?
– ఒక సంఘ పెద్ద, ప్రకాశం జిల్లా

జవాబు: పెద్దలు మీరు, గౌరవంతోనే వ్రాస్తున్నాను, అయినా స్పష్టంగా వ్రాయాలి. ఈ నెల శీర్షికలోని మిగతా జవాబులన్నీ నిజమైతే మీ బంధువుల వాదన నిలబడదు. తండ్రి ఒక్కడే అయినప్పుడు పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అవుతారు. తండ్రి ప్రేమను పుచ్చుకుని ఆయన పిల్లలను కాదనడానికి దత్తతలో వీలు లేదు. ఆయనను తండ్రిగా వ్రాయించుకున్న పత్రంలోనే ఆ అమ్మాయి మీకు బంధువైంది.

ఆత్మీయం వేరు, సామాజికం వేరు అన్న వాదన కొత్తది కాదు. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోంచేస్తూ, యాకోబు యొద్ద నుండి కొందరు రాగానే భయపడి వేరైపోయాడు. సిద్ధాంతంలో ఆయన ఏమీ మార్చలేదు, మార్చింది భోజనం బల్ల ఒక్కటే. పౌలు అందరి ఎదుట ఆయనను నిలదీసి, సువార్త సత్యము చొప్పున క్రమముగా నడుచుకోవడం లేదన్నాడు. దత్తతను గూర్చి అంత గొప్పగా చెప్పిన గలతీయుల పత్రికలోనే ఈ సంఘటన ఉంది. ఫిలేమోనుకు వ్రాసినప్పుడు కూడా, పారిపోయిన దాసుడైన ఒనేసిమును ఇకమీదట దాసుడుగా కాక ప్రియ సహోదరునిగా, శరీరవిషయములో కూడా, చేర్చుకోమన్నాడు. శరీరవిషయములో కూడా అన్న ఆ మాట మీ బంధువులు చెబుతున్న విభజనను తీసివేస్తోంది.

మీది ప్రకాశం జిల్లా గనుక మీ నేల మీద జరిగిన సంగతినే గుర్తు చేస్తాను. 1876 నుండి 1878 వరకు కరువు ఈ ప్రాంతాన్ని నలిపివేసింది. ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపించాడు. తిండి కోసం చేరుతున్నారన్న అనుమానానికి తావివ్వకూడదని, కరువు సాయం సాగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడు. సాయం ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు తెలుగు బోధకులు. పొందినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి దగ్గరకు రానివ్వని, ఊరి వీధిలో చెప్పులు వేసుకుని నడవనివ్వని మనుషులు. వారికి ఆ రోజు నది ఒడ్డున తండ్రి పేరు దొరికింది. మనలో చాలామంది విశ్వాసం ఆ తాతముత్తాతల నుండి వచ్చినదే. వారు ఏ నీళ్లలో దిగి దేవుని పిల్లలయ్యారో ఆ నీళ్లు వారి పిల్లల పెళ్లి మాటల దగ్గరకు వచ్చేసరికి ఆరిపోయాయని మనం అంటే, ఆ బాప్తిస్మాన్ని మనమే కాదన్నట్టు.

చేయవలసిన దాన్ని గూర్చి అడిగారు గనుక చెబుతాను. బంధువులందరూ ఒప్పుకునేదాకా ఆగితే ఆ రోజు రాకపోవచ్చు. మీరూ, మీ ఇంటావిడా కలిసి, ఈ ఆదివారం ఆరాధన తరువాత అయినా సరే, ఆ అమ్మాయి తల్లిదండ్రుల ఇంటికి స్వయంగా వెళ్లండి. మధ్యవర్తిని పంపవద్దు. వారింట భోంచేసి రండి, వారిని మీ ఇంటికి భోజనానికి పిలవండి. పిల్లల విశ్వాసం, స్వభావం, బాధ్యత తీసుకునే తత్వం, ఇవన్నీ ఏ పెళ్లిలోనైనా చూడవలసినవే, చూడండి. అవి సరిగా ఉంటే సంఘంలో పెళ్లి ప్రకటనలు చదివించమని మీ పాస్టరుగారిని మీరే అడగండి. సంఘ పెద్ద ఇంట జరిగితే ఆ తరువాత వచ్చే ఇళ్లకు దారి సులువవుతుంది. బంధువులు పెళ్లికి రాకపోతే బాధ కలుగుతుంది, అది నాకు తెలుసు. ఆ రోజు మీ పక్కన నిలబడడానికి మీ సంఘాన్ని ఇప్పటి నుండే సిద్ధం చేయండి.